కృత్రిమ కాలు పెట్టించుకోవాలంటే జైపూర్ కాలా, కార్బన్ ఫైబర్ కాలా?

షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేశాక మా పెదనాన్న అడిగిన మొదటి మాట, "మళ్ళీ మడిలో దిగగలనా అబ్బయా?" అని. కోవూరు పక్కన వరి పొలం ఆయనది.

ఖర్చు: జైపూర్ కాలు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఉచితంగానే పెడుతుంది. కార్బన్ ఫైబర్‌ది లక్ష దాటినా ఆశ్చర్యపోకండి.

నేల: అసలు తేడా ఇక్కడే. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి జైపూర్ కాలు తయారుచేసింది చెప్పుల్లేకుండా నడిచే, గొంతుక్కూర్చునే మనలాంటి వాళ్ళ కోసమే. పైనంతా రబ్బరు కాబట్టి బురదలో దిగినా కడుక్కుంటే సరిపోతుంది. కార్బన్ పాదం అడుగు వేసినప్పుడు స్ప్రింగులా వంగి మనిషిని ముందుకు తోస్తుంది, పరిగెత్తేవాళ్ళకి భలే హాయి, కానీ మామూలుగా దాన్ని బూటు మడమ ఎత్తుకి సరిచేస్తారు, ఉత్త కాలితో గట్టు మీద నడిస్తే బ్యాలెన్స్ తప్పుతుంది.

బరువు: జైపూర్‌దే ఎక్కువ.

రిస్క్: ఏ పాదమైనా అసలు కీలకం సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం. వాపు తగ్గేకొద్దీ మిగిలిన కాలు సన్నబడి సాకెట్ వదులవుతుంది, రాపిడికి పుండు పడుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి కూడా సరిగా తెలియదు. మా పెదనాన్నకి మొదటి సాకెట్ అలాగే అయింది, నెల రోజులు మంచం దిగలేదు. మిగిలిన కాలు మీద పుండు పడిందేమో రోజూ రాత్రి టార్చ్ వేసి చూడండి.

పొలం, చెరువు, గుడి మెట్లు ఉన్న బతుకైతే జైపూర్. ఒంగోల్లో ఆఫీసు, రోజంతా బూట్లు, వయసు ముప్పై, చేతిలో డబ్బుంటే కార్బన్. మా పెదనాన్న మొన్న నారుమడిలో దిగాడు.