మెరిలిన్ రాబిన్సన్ నవలలన్నీ, విమర్శకులను పిలిచి: చాలాకాలం నడిపాక తేలింది

ఒకే రచయిత్రి నవలలన్నీ వరసగా చదివి, ఒక్కోదానికి ఒక్కో విమర్శకుణ్ణి పిలిచి మాట్లాడుకునే పద్ధతి అమెరికా రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్‌కి బాగా కుదురుతుంది. నవలలు ఐదే: హౌస్‌కీపింగ్ (1980), గిలియడ్ (2004), హోమ్ (2008), లైలా (2014), జాక్ (2020). చివరి నాలుగూ గిలియడ్ అనే ఒకే ఊరివాళ్ళ చుట్టూ తిరుగుతాయి. ఏర్పాటు సరిగా లేకపోతే మాత్రం సన్మాన సభ అయిపోతుంది. (కథల ముగింపులు ఇక్కడ బయటపడతాయి.)

ముందు వరస సంగతి. కథాకాలం ప్రకారం జాక్ నవలతో మొదలుపెడదామనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఒప్పుకోవద్దు. గిలియడ్‌లో 76 ఏళ్ళ పాస్టర్ జాన్ ఏమ్స్ తన పసికొడుక్కి ఉత్తరం రాస్తూ, మిత్రుడు బౌటన్ కొడుకు జాక్‌ని దాదాపు చివరిదాకా అనుమానంగానే చూస్తాడు. జాక్‌కి డెల్లా అనే నల్లజాతి భార్య, ఒక కొడుకు ఉన్నారని ఏమ్స్‌తో పాటే మనకీ తెలుస్తుంది. హోమ్‌లో అవే రోజులు, బౌటన్ ఇంట్లోంచి. ఇప్పుడు రహస్యం మనకు తెలుసు, చెల్లెలు గ్లోరీకి తెలీదు. జాక్ నవల ముందే చదివితే ఈ పట్టంతా సడలిపోతుంది.

హౌస్‌కీపింగ్‌లో 11 అధ్యాయాలున్నాయి, రెండు విడతలు చాలు. గిలియడ్‌లో అధ్యాయాలే లేవు. పేజీ నంబర్లు ఎడిషన్‌కో రకం, ఫోన్లో చదివేవాళ్ళది ఇంకో లెక్క. "ఫలానా పేజీ దాకా" అంటే తలా ఒకచోట ఆగి వస్తారు. ఆగాల్సిన పేరాలో మొదటి వాక్యం రాసి పంపితే గొడవుండదు.

అతిథిని కనీసం మూడు వారాల ముందు అడగాలి, చర్చకు మూడు పేరాలు ఎంచి పంపాలి. 90 నిమిషాల్లో మొదటి 40 పాఠకులవి, అప్పటిదాకా అతిథి వినాలి. తర్వాత 20 నిమిషాలు అతిథివి, మిగతాది అందరిదీ. ప్రసంగం ముందు పెడితే చర్చ అక్కడే ఆగిపోతుంది, అందరూ ఆ అభిప్రాయానికే తలూపుతారు. అతిథి పరిచయం రెండు వాక్యాలు దాటకూడదు. మనవాళ్ళకి కష్టమైన నియమం ఇదే, బిరుదులు చదవడానికే పావుగంట కావాలి మరి.

గిలియడ్‌కి సాహిత్య విమర్శకుడికన్నా అమెరికా చరిత్ర తెలిసినవాళ్ళు ఎక్కువ ఉపయోగపడతారు. ఆ ఊరికి నమూనా అయోవా రాష్ట్రంలోని టేబర్, బానిసత్వాన్ని ఎదిరించినవాళ్ళ స్థావరం. 1850లలో బానిసత్వం విషయమై కాన్సస్‌లో జరిగిన పోరు, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ సంగతీ తెలియకపోతే ఒంటికన్నుతో, నడుముకి పిస్తోలుతో ప్రసంగించే ఏమ్స్ తాత వట్టి పిచ్చిముసలాడిలా కనిపిస్తాడు.

తరచూ వచ్చే ఇబ్బంది ఒకటుంది: వచ్చినాయన గిలియడ్ ఒక్కటే చదివి ఉంటాడు, ఏ నవల అడిగినా అందులోకే లాగుతాడు. పిలిచేముందు మాటల్లో మాటగా "హోమ్ చివర డెల్లా వచ్చేసరికి ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగి చూడండి. జాక్ అప్పటికే వెళ్ళిపోయాడని, గ్లోరీయే ఎదురొచ్చిందని వెంటనే చెప్పకపోతే ఇంకొకర్ని వెతుక్కోవడం మేలు.

మొత్తం వరసలో బాగా పండేది గిలియడ్‌లోనూ హోమ్‌లోనూ వచ్చే వరండా సన్నివేశం. కొందరు పుట్టకముందే నరకానికి రాసిపెట్టి ఉంటారా అని జాక్ అడుగుతాడు. ఏమ్స్ చెప్పుకున్న తీరులో అందులో వెటకారం వినిపిస్తుంది. గ్లోరీ పక్కన కూర్చుని వింటే, నిజంగా జవాబు కావాల్సినవాడి ప్రశ్న అది. అంతసేపూ పెద్దగా మాట్లాడని ఏమ్స్ భార్య లైలా, మనిషి మారగలడని రెండు పుస్తకాల్లోనూ అంటుంది. ఒకరు గిలియడ్, ఇంకొకరు హోమ్ పట్టుకుని వెంటవెంటనే పైకి చదవాలి. అతిథి ప్రసంగం ఆ రోజుకి తగ్గించినా పర్లేదు.

రాబిన్సన్ వ్యాసాల్లో, ఈ నరకం ప్రశ్న వెనకున్న క్రైస్తవ మతవేత్త కాల్విన్ కోసం ద డెత్ ఆఫ్ ఆడమ్ (1998) చాలు. బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ అణు కేంద్రం మీద రాసిన మదర్ కంట్రీ (1989) నవలల చర్చకు పెద్దగా అక్కరకు రాదు.

జాక్ నవల దగ్గర జనం జారిపోతారు. సెయింట్ లూయిస్ శ్మశానంలో జాక్, డెల్లా రాత్రంతా చిక్కుకుని మాట్లాడుకునే భాగం మరీ పొడుగు. దాన్ని ఒక్క విడతకే పరిమితం చేసి, ఆ ఊరున్న మిస్సోరీ రాష్ట్రంలో తెల్లవాడైన జాక్, నల్లజాతి డెల్లాల పెళ్ళిని నేరంగా చూసిన చట్టం గురించి అతిథితో ఆ రోజే చెప్పించాలి. అది తెలిశాక వాళ్ళు అంత మెల్లగా, అంత జాగ్రత్తగా ఎందుకు మాట్లాడుకుంటున్నారో అర్థమవుతుంది, మిగతా పుస్తకం కదులుతుంది.