పదకొండు నెలలు గోడ మీదున్న ఫొటో క్యాలెండర్

క్యాలెండర్లకి రివ్యూలు జనవరి మొదటి వారంలో రాస్తారు. పార్సిల్ విప్పి, పేజీలన్నీ గబగబా తిరగేసి, "అబ్బ, ఏం ఫొటోలండీ!" అని ఐదు స్టార్లు కొట్టేస్తారు. నేనూ అలాగే కొట్టబోయి, ఏదో పనిలో పడి మర్చిపోయాను. ఇప్పుడు డిసెంబరు. మర్చిపోవడమే మంచిదైంది. ఆ రోజు నేను నోరు తెరుచుకుని చూసిన ఫొటోల్లో సగం మీద ఇప్పుడు నాకు ఏ అభిప్రాయమూ లేదు. ఆ రోజు అర సెకను కూడా ఆగకుండా తిప్పేసిన పేజీ మాత్రం ఇంకా గోడ మీదే ఉంది.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. కళ్లు పరీక్షించి కళ్లజోడు పవర్ రాసిస్తాను. మా వెయిటింగ్ రూమ్‌లో కంట్లో చుక్కలు వేయించుకుని, కంటిపాప పెద్దదయ్యేదాకా అరగంట ఊరికే కూర్చోవాల్సినవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. చుక్కలు పడ్డాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఫోన్ చూసుకోలేరు. ఎదురు గోడ మీద ఏముంటే అదే గతి. అందుకని ఏటా కాస్త మంచి క్యాలెండర్ వెతికి కొంటాను. ఈసారి కొన్నది ప్రపంచంలోని ప్రకృతి, మనుషులు, ప్రదేశాల ఫొటోలది. ఏ2 సైజు, నిలువుగా 59 సెంటీమీటర్లు, అడ్డంగా 42. పైన ఫొటో, కింద సన్నటి పట్టీలో తేదీలు. కంపెనీ పేరు రాయను. నా ఫిర్యాదుల్లో చాలావరకు ఈ తరహా క్యాలెండర్లన్నిటికీ వర్తిస్తాయి.

మొదటి ఫిర్యాదు కాగితం మీద. మందంగా ఉంది, చివర్లు మడత పడలేదు, అంతవరకు సంతోషం. కానీ అద్దంలా మెరిసే గ్లాసీ కాగితం. మా గదిలో ట్యూబ్‌లైట్ సరిగ్గా ఫొటో మధ్యలో తెల్లటి కర్రలా పడేది. అసలే పాపలు విచ్చుకుని వెలుతురు భరించలేక కూర్చున్నవాళ్లకి అదో శిక్ష. చివరికి మేకు పీకి పక్క గోడకి మార్చాం. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద నలుపు ఇంత చిక్కగా రాదన్న మాట నిజమే. అయినా గోడకి వేలాడే వస్తువుకి నేనైతే మ్యాట్‌నే అడుగుతాను.

జనవరి పేజీ బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం. పది వేల చదరపు కిలోమీటర్లకి పైగా ఉప్పు, సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున. వానాకాలంలో దాని మీద పలచగా నీళ్లు నిలిస్తే ఆకాశమంతా కింద కూడా కనిపిస్తుంది. ఎంత చదునంటే, ఉపగ్రహాల్లో ఎత్తు కొలిచే పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఈ నేలనే వాడుకుంటారు. ఫొటోలో పైనా మేఘాలే, కిందా మేఘాలే, నడుమ గొడుగు పట్టుకున్న ఒక మనిషి, ఆ మనిషి కింద తలకిందులుగా ఇంకో మనిషి. మొదటి వారం వచ్చినవాళ్లందరూ దాని గురించే మాట్లాడారు. మూడో వారానికి ఎవరూ తలెత్తలేదు. అది చమత్కారం. ఒకసారి అర్థమయ్యాక మళ్లీ చూడటానికి అందులో ఏమీ మిగలదు.

ఫిబ్రవరి కూడా ఆ కోవే. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఎల్ క్యాపిటన్ కొండ మీంచి పడే హార్స్‌టెయిల్ జలపాతం. ఫిబ్రవరి రెండో సగంలో కొన్ని రోజులు, సూర్యాస్తమయానికి ముందు కొద్ది నిమిషాల పాటు ఎండ సరిగ్గా ఆ ధార మీద మాత్రమే పడి నిప్పు కారుతున్నట్టు కనిపిస్తుంది. పైన మంచు కరగాలి, పడమట మబ్బు ఉండకూడదు. రెండూ కుదరక ఎంతోమంది ఫొటోగ్రాఫర్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు. ఈ సంగతి తెలిస్తే ఫొటో మీద గౌరవం పెరుగుతుంది. క్యాలెండర్‌లో మాత్రం "యోసెమిటీ, అమెరికా" అని ఊరుకున్నారు.

ఆ రెండు మాటలు కూడా ఎంత చిన్న అక్షరాల్లో వేశారంటే, మా దగ్గరి చూపు చార్టులో చివరి వరుస వీటికంటే పెద్దది. బూడిదరంగు మీద లేత బూడిదరంగు. వెయ్యకపోయినా నష్టం లేదు.

మార్చి దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు. తెల్లవారుజామున మంచులో ఒక జాలరి పడవ కొస మీద ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు తెడ్డుకి చుట్టి, శంకువులాంటి పెద్ద బుట్ట పైకెత్తి పట్టుకున్నాడు. కాలితో తెడ్డు వేయడం అక్కడి ఇంతా జనానికి నిజంగా ఉన్న విద్యే. నీటి మీద గడ్డీ నాచూ దట్టంగా ఉంటాయి కాబట్టి కూర్చుంటే దారి కనపడదు, నిలబడాల్సిందే. కానీ ఆ బుట్టతో ఇప్పుడు చేపలు పట్టేవాళ్లు తక్కువ. నైలాన్ వలలు వచ్చేశాయి. బుట్టలు ఎత్తి నిలబడేవాళ్లలో చాలామంది టూరిస్టుల కెమెరాల కోసం నిలబడి డబ్బు తీసుకునేవాళ్లు. అదీ ఒక పనే, తప్పు పట్టను. ఒంటికాలి మీద అంతసేపు నిలబడటం మాటలా! నా కోపం వేరే. శిఖరం ఫొటో ఉన్న జూలై పేజీలో కొండ పేరు వేశారు, ఎత్తు మీటర్లలో వేశారు. ఇక్కడ "జాలరి, ఇన్లే సరస్సు" అని వేశారు. ఎదురుగా నిలబడి, కెమెరా వైపే చూస్తున్న మనిషి. పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇది ఈ క్యాలెండర్‌తో మొదలైన జబ్బు కాదు. 1936లో కాలిఫోర్నియాలో, నిపోమో దగ్గర బఠానీ కోసే కూలీల మకాంలో డొరోథియా లాంగ్ ఒక తల్లిని ఫొటో తీసింది. రెండు భుజాల మీదా పిల్లలు మొహాలు దాచుకుని ఉంటారు, ఆమె చెయ్యి చెంపకి ఆనించి ఎటో చూస్తూ ఉంటుంది. అమెరికా మహామాంద్యం అనగానే లోకానికి గుర్తొచ్చే మొహం అదే. పేరు అడగలేదని లాంగ్ తనే చెప్పింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని జనానికి తెలిసింది 1978లో, అంటే నలభై ఏళ్లు దాటాక. మా రిజిస్టర్‌లో చూపు పవర్ కన్నా ముందు గడి పేరుదే. అందుకేనేమో ఈ విషయంలో నాకు చాదస్తం ఎక్కువ.

ఏప్రిల్‌లో నెదర్లాండ్స్ తులిప్ పొలాలు. బాగున్నాయి. అంతే.

మే వచ్చాక గదిలో మళ్లీ మాటలు మొదలయ్యాయి. నమీబియాలోని డెడ్‌వ్లే. తెల్లటి మట్టి నేల, అందులో ఆకు లేని నల్లటి తుమ్మజాతి చెట్లు, వాటి వెనక, పేజీ పై అంచుదాకా నిండిన నారింజ రంగు. ఆ చెట్లు చచ్చిపోయి ఆరు వందల ఏళ్లు దాటి ఉంటుందని లెక్క. గాలిలో తేమ లేక కుళ్లలేదు, ఎండకి మాడి నల్లబడి అలాగే నిలబడ్డాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిపోయి, రెండో కంటికి ఇంకా కావాల్సిన ఒక పెద్దాయన దాని ముందు నిలబడి, "బొమ్మ బాగా వేశారమ్మా" అన్నారు.

"బొమ్మ కాదండీ, ఫొటోనే" అన్నాను.

"ఆకాశం ఎక్కడైనా ఈ రంగులో ఉంటుందా?"

అది ఆకాశం కాదు, ఇసుక దిబ్బ. పొద్దున్నే ఎండ ముందు దిబ్బ మీద పడుతుంది, కింద చెట్లున్న పల్లం ఇంకా నీడలోనే ఉంటుంది. నీడలో ఉన్న తెల్లమట్టి మీద పడేది పైన ఉన్న ఆకాశపు వెలుగే కాబట్టి నేల కాస్త నీలంగా కనిపిస్తుంది. ఇదంతా చెప్తుంటే ఆయన ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది మూసి చూశారు. "ఈ కంటికి నీలమేనమ్మా. ఆ కంటికి మాత్రం టీ ఒలికినట్టుంది" అన్నారు. శుక్లం ముదిరిన కటకం పసుపుపచ్చగా మారి నీలాన్ని వడకట్టేస్తుంది. అది తీసి కొత్త లెన్స్ పెట్టాక నీలం ఒక్కసారిగా తిరిగొస్తుంది. ఈ సంగతి నేను వందలమందికి నోటితో చెప్పాను. ఇంత బాగా చూపించిన వస్తువు మాత్రం నా దగ్గర ఇంతకుముందు లేదు. ఈ ఒక్క పేజీతో క్యాలెండర్ డబ్బు గిట్టుబాటైంది.

జూన్‌లో ఆఫ్రికాలోని మారా నదిని దాటుతున్న వైల్డ్‌బీస్ట్ అనే జంతువుల మంద. ఆ దాటడాలు ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు దాకా జరుగుతాయి, తర్వాతి నెల పేజీకి జరిపి ఉంటే సరిపోయేది. జూలైలో ఇందాక చెప్పిన, ఎత్తు మీటర్లతో సహా వేసిన కొండ.

ఆగస్టు పేజీ అమెరికాలో ఎల్లోస్టోన్‌లోని గ్రాండ్ ప్రిస్మాటిక్ వేడినీటి గుండం, పైనుంచి తీసినది. నడుమ ముదురు నీలం, చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ వలయాలు. రంగులు మరీ గుప్పించారు, అచ్చులో నారింజ మరీ గాఢమైపోయింది. కంటిపాపలా ఉందని మా అసిస్టెంట్ అమ్మాయి అంది, నేను ఒప్పుకున్నాను. రెండో వారంలో ఒక రోజు ఖాళీగా ఉండి భూతద్దం తీసుకుని చూస్తే, అంచున నేను గీత అనుకున్నది చెక్కలతో కట్టిన నడక దారి. దాని మీద చీమల్లా మనుషులు. అప్పుడు కానీ దాని సైజు బుర్రకెక్కలేదు. గుండం వెడల్పు సుమారు 110 మీటర్లు. నడుమ నీళ్లు మరీ వేడి, అక్కడ దాదాపు ఏ సూక్ష్మజీవీ బతకదు, అందుకే లోతైన నీటి రంగే కనిపిస్తుంది. అంచుకి వచ్చేకొద్దీ నీళ్లు చల్లారుతాయి. ఒక్కో వేడికి ఒక్కో రకం సూక్ష్మజీవులు, ఒక్కో రంగు. ఆ తర్వాత నెలంతా చుక్కలు వేయకముందు పిల్లలకి భూతద్దం ఇచ్చి "మనుషులెంతమందో లెక్కపెట్టు" అనేదాన్ని. ఇరవై మూడు దగ్గర ఒకడు, ఇరవై ఆరు దగ్గర ఒకమ్మాయి ఆగారు.

సెప్టెంబరులో నార్వే ధ్రువకాంతులు. ఆకుపచ్చ, ఊదా, గులాబీ, ఆకాశమంతా. దీని కింద మాత్రం ఒక వాక్యం తప్పకుండా వేయాల్సింది: మీరు వెళ్తే ఇలా కనిపించకపోవచ్చు అని. చీకట్లో మనకి చూపునిచ్చే రాడ్ కణాలకి రంగు తెలియదు. రంగు చెప్పే కోన్‌లకి అంత వెలుతురు చాలదు. కెమెరా కొన్ని సెకన్లపాటు కన్ను తెరిచి వెలుతురు పోగేస్తుంది, మన కన్ను అలా పోగెయ్యలేదు. కాంతి బలంగా ఉన్న రాత్రుల్లో ఆకుపచ్చ బాగానే తెలుస్తుంది, మామూలు రాత్రుల్లో పలచటి మబ్బులాగే ఉంటుంది. ఫొటో అబద్ధం కాదు. అది కెమెరా చూసిన నిజం.

అబద్ధం అంటే అక్టోబరు గుర్తొస్తుంది. గిజా పిరమిడ్లు. అడ్డంగా తీసిన ఫొటోని నిలువు పేజీలోకి కుక్కారు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఇదే ఇబ్బంది వచ్చి, నిలువు అట్ట మీద పట్టడానికి కంప్యూటర్‌లో ఒక పిరమిడ్‌ని పక్కకి జరిపి చాలా మాటలు పడింది. వీళ్లు జరపలేదు, కోశారు. పక్క పిరమిడ్ సగమే ఉంది. ఉన్న పెద్దదానికి సరిగ్గా శిఖరం దగ్గర మేకుకి తగిలించే రంధ్రం వచ్చింది. నాలుగున్నర వేల ఏళ్లు నిలబడిన కట్టడం, దాని నెత్తిన బెజ్జం. పేజీలు కూర్చినవాళ్లు ఒక్కసారైనా గోడకి తగిలించి చూసుకోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నవంబరు. జనవరిలో నేను ఆగకుండా తిప్పేసిన పేజీ ఇదే. మళ్లీ నమీబియానే (ఒక దేశానికి రెండు నెలలు ఇచ్చి దక్షిణ అమెరికా మొత్తానికి ఒక్కటి ఇవ్వడమేమిటో!), కోల్మన్‌స్కోప్ అనే ఖాళీ ఊరు. ఫొటోలో ఏమీ లేదు. నీలం రంగు వెలిసిపోయిన గది, తెరిచి ఉన్న తలుపు, మోకాలెత్తున ఇసుక. కిటికీలోంచి పడ్డ ఎండ ఇసుక మీద పలకలా పరుచుకుంది. 1908లో రైలు పట్టాల మీద ఇసుక ఎత్తిపోసే కూలీ జకరియాస్ లేవాలాకి అక్కడ వజ్రం దొరికింది. తవ్వుకునే హక్కులు పై అధికారి రాయించుకున్నాడు. ఎడారి నడుమ జర్మన్లు ఊరు కట్టారు, నాట్యశాల, ఐస్ ఫ్యాక్టరీ, ఎక్స్-రే యంత్రం ఉన్న ఆసుపత్రి. వజ్రాలు తరిగిపోయి, వేరే చోట ఇంకా పెద్దవి దొరికి, 1956 నాటికి ఆఖరి మనుషులు కూడా వెళ్లిపోయారు. తలుపుల్లోంచి ఇసుక వచ్చింది.

మొదటి వారం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక్కొక్కళ్లే అడగడం మొదలుపెట్టారు, ఆ తలుపు ఇసుకలో కూరుకుపోయి ఉంది కదా, మళ్లీ మూసుకుంటుందా అని ఒకామె, ఆ గది ఎవరిది అయ్యుంటుందని ఇంకొకామె. చూపు మసకబారి ఉన్నవాళ్లకి కూడా ఆ ఎండ పలక మాత్రం కనిపిస్తుంది. సాయంత్రం తాళం వేసేముందు నేనూ ఒకసారి చూసి వెళ్తున్నాను.

డిసెంబరు పేజీ ఏమిటో తెలుసు, మొదటి రోజే చూశాను. 1968 డిసెంబరు 24న అపోలో 8 వ్యోమనౌక నుంచి వ్యోమగామి బిల్ ఆండర్స్ తీసిన, చంద్రుడి అంచు మీద భూమి ఉదయిస్తున్న ఫొటో. ఆయన తీసినప్పుడు చంద్రుడి నేల కుడి పక్కన నిలువుగా ఉందట. మనకి నేల కింద ఉంటేనే మనసొప్పుతుంది కాబట్టి తిప్పి అచ్చు వేస్తుంటారు, వీళ్లూ అలాగే వేశారు. క్యాలెండర్‌కి ముగింపుగా మంచి ఎంపిక.

స్టార్లు మూడున్నర. చించి దాచుకోవడానికి పేజీ పైన చుక్కల గీత ఇచ్చారు కానీ, అది సరిగ్గా తెగడం లేదు. మే పేజీ చింపితే మూల ఊడొచ్చింది, ఆ పెద్దాయనకి అతికించే ఇచ్చాను. అందుకని నవంబరుది ఇంకా ముట్టుకోలేదు. ఈరోజు డిసెంబరు తొమ్మిది. తారీకు అడిగినవాళ్లకి మా అసిస్టెంట్ ఫోన్ చూసి చెప్తోంది.