పెన్నీ ప్రెస్ మెషీన్‌లో ఏది వేయాలి: పాత రాగి పెన్నీయా, కొత్త జింక్ పెన్నీయా?

అమెరికాలో ఏ జూకో, నయాగరాకో వెళ్తే ఓ మూల పళ్ళ చక్రాలు బయటికి కనిపించే మెషీన్ ఉంటుంది. రెండు క్వార్టర్లు, అంటే పాతిక సెంట్ల బిళ్ళలు (కొన్నిచోట్ల ఇప్పుడు డాలరు), ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం వేసి హ్యాండిల్ తిప్పితే, పెన్నీ కోలగా సాగి, ఆ ఊరి బొమ్మతో కింద పడుతుంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన నాటి నుంచీ ఉన్న ముచ్చట ఇది.

చేతికందిన పెన్నీ వేసేయకండి, ముందు దాని మీద సంవత్సరం చూడండి. 1981 వరకు వచ్చినవి దాదాపు అన్నీ 95 శాతం రాగి. 1982లో మార్చేశారు: లోపలంతా జింక్, పైన పల్చటి రాగి పూత. నొక్కినప్పుడు ఆ పూత సాగి, తెగి, లోపలి జింక్ తెల్లటి చారలుగా బయటపడుతుంది. మా ఇంట్లో ఒకే మెషీన్‌లో తీసినవి రెండున్నాయి. 1974 పెన్నీ మీద వంతెన తీగలు కూడా లెక్కపెట్టొచ్చు. 1996 దాని మీద ఆ తీగల్లో చారలు కలిసిపోయి, ఏది బొమ్మో ఏది గీతో తెలియదు. నా ఓటు రాగికే.

1982వి మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. రాగిది 3.11 గ్రాములు, జింక్‌ది 2.5. కిచెన్ త్రాసు అంత సన్నగా చూపించకపోతే గ్రానైట్ గట్టు మీద వదిలి చూడండి. రాగిది టింగుమని మోగుతుంది, జింక్‌ది టక్‌మని ఆగిపోతుంది.

రాగి నాణేల చిక్కంతా నలుపే. వెనిగర్‌లో ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ఉంచితే పోతుంది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు అదంతా ఎందుకని చింతపండు ముద్దతో, పూజ చెంబు తోమినట్టే తోమింది. నిగనిగలాడాయి! పులుపు ఏదైనా తర్వాత బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి, లేదంటే పచ్చగా చిలుము పడుతుంది. జింక్ పెన్నీకి ఈ వైద్యం వద్దు. గీత పడినచోట పులుపు లోపలికి దిగి జింక్‌ను తినేస్తుంది. దానికి సబ్బునీళ్ళు చాలు. 1958, అంతకు ముందువి, వెనక గోధుమ వెన్నులున్నవి దొరికితే తోమొద్దు, నొక్కొద్దు, దాచుకోండి.

1943 పెన్నీలు స్టీలువి, మెషీన్‌లో వేయకూడదు. పిల్లలు సరదాపడి మన రూపాయి బిళ్ళ వేస్తామన్నా ఆపండి, అదీ స్టెయిన్‌లెస్ స్టీలే.

కొన్ని కొత్త మెషీన్లలో కార్డు గీకితే చాలు, లోపలున్న రాగి బిళ్ళే నొక్కి ఇస్తాయి. చారలుండవు, తళతళలాడుతుంది. కానీ వెనక్కి తిప్పితే, పెన్నీ మీదుండే లింకన్ ముఖం సాగిపోయిన నీడ ఉండదు. నాకు ఆ నీడ కావాలి. 2025 నవంబరులో ఫిలడెల్ఫియాలో వాడుక పెన్నీల ముద్రణ ఆపేశారు కాబట్టి, రాగివి కనిపించినప్పుడల్లా ఓ చిన్న డబ్బాలో వేస్తున్నాను.

ఒక్కచోట మాత్రం నేనూ జింక్‌నే ఎంచుకుంటాను. మా అమ్మాయి 2014లో పుట్టింది. ఆ ఏటి పెన్నీల్లో రాగివి లేవు. తన పుట్టినరోజుకి జూకి వెళ్ళినప్పుడు కొత్తగా మెరిసే 2014 పెన్నీ ఏరి, సబ్బుతో కడిగి ఇచ్చాను. ఏనుగు తొండం మీద రెండు తెల్ల చారలు పడ్డాయి. హ్యాండిల్ మాత్రం తనే తిప్పింది, మధ్యలో ఆగకుండా.