ఆరేళ్లు వర్చువల్‌బాక్స్, డాకర్‌లతో పాఠాలు చెప్పాక

విశాఖపట్నం మద్దిలపాలెంలోని ఒక చిన్న శిక్షణ కేంద్రంలో ఆరేళ్లుగా లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) నేర్పిస్తున్నాను. మావన్నీ 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ కంప్యూటర్లు. కంప్యూటర్ లోపలే మరో పూర్తి కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే వర్చువల్‌బాక్స్, ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి గదుల్లో నడిపే డాకర్ రెండూ ప్రతి బ్యాచ్‌లోనూ వాడాను. కొత్తవారికి ఏది ముందు నేర్పాలని అడిగితే, వర్చువల్ మెషీనే అంటాను.

మొదటి రెండేళ్లు డాకర్‌తోనే మొదలుపెట్టాను. క్షణంలో నడుస్తుంది, ఆల్పైన్ అనే బుల్లి లినక్స్ ఇమేజి (కంటైనర్‌ను తయారుచేసే మూస) పది మెగాబైట్లు కూడా ఉండదు. పిల్లలు ఉత్సాహపడ్డారు. కానీ కంటైనర్ అంటే ఒక చిన్న కంప్యూటర్ అన్న అభిప్రాయం పాతుకుపోయింది. మన ఓడరేవులో పేర్చిన కంటైనర్లను చూస్తూ పెరిగినవారు కదా, దేనికది మూసిన పెట్టె అనుకుంటారు. అందులో సొంత కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఉండదని ఎంత చెప్పినా తలకెక్కలేదు.

ఇప్పుడు మొదటి వారం వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు అనే లినక్స్ పెట్టిస్తాను. అది వేరు కాపురం. పొయ్యితో, అంటే కెర్నల్‌తో సహా అన్నీ విడిగా అమర్చుకోవాలి, 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు రాసివ్వాలి. నెమ్మదే, అయినా ఒక యంత్రం నిద్ర లేవడం మొదలు లాగిన్ వరకు కళ్లారా చూస్తారు. ఏది చెడగొట్టినా స్నాప్‌షాట్‌తో, అంటే ముందే దాచుకున్న స్థితితో, వెనక్కి రావచ్చు. కొత్తవారి భయం పోగొట్టడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

రెండో వారం ఆ ఉబుంటులోనే డాకర్. బయట ఒకసారి, కంటైనర్ లోపల ఒకసారి కెర్నల్ వెర్షన్ చూపే ‘యూనేమ్ -ఆర్’ ఆదేశం కొట్టిస్తే ఒకే కెర్నల్ సంఖ్య వస్తుంది. కంటైనర్లది ఉమ్మడి ఇల్లు, ఒకటే పొయ్యి, ఎవరి గది వారిది. గోడలు నేమ్‌స్పేస్‌లు, ఎవరికెంత వడ్డించాలో చూసేవి సీగ్రూప్‌లు. 2013లో డాకర్ రాకముందే ఇవి లినక్స్‌లో ఉన్నాయి.

“మరి విండోస్‌లో డాకర్ పెడితే లినక్స్ కెర్నల్ ఎక్కడిది సార్?” అని గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజంతా నాకు సంతోషమే. అక్కడ డాకర్ డెస్క్‌టాప్ తెర వెనుక ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్‌ను నడుపుతుంది, కెర్నల్ దానిదే. ఆ ఏర్పాటు ఉన్న కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ మందగిస్తుంది. దాని విండో కింద మూలన తాబేలు బొమ్మ కనిపిస్తే కారణం సాధారణంగా అదే. అందుకే మా దగ్గర రెండూ ఒకే విండోస్‌లో పెట్టం.

కంటైనర్‌ను తొలగిస్తే లోపలి డేటా కూడా పోతుంది. హాజరు పట్టీ డేటాబేస్‌ను వాల్యూమ్ (కంటైనర్ బయట డేటా దాచే చోటు) లేకుండా నడిపి మూడు నెలల వివరాలు పోగొట్టాను. ఇప్పుడు డాకర్ మొదలైన మూడో రోజే ప్రతి విద్యార్థి చేత ఒక కంటైనర్‌ను తొలగింపజేసి, వాల్యూమ్‌లో ఉన్నది మిగలడం చూపిస్తున్నాను.