తడిసిన కార్పెట్ కోసం కొన్న రెండు మెషీన్లు: కొన్నేళ్లు వాడాక

రెండింట్లో ఒక్కటే కొనగలిగితే వెట్ అండ్ డ్రై వాక్యూమ్ (దుమ్ముతో పాటు నీళ్లు కూడా లాగే వాక్యూమ్ క్లీనర్) కొనండి. డీహ్యూమిడిఫైయర్ (గదిలో గాలిలోని తేమని లాగే మెషీన్) తర్వాత చూసుకోవచ్చు. కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాను, నా అభిప్రాయం ఇదే.

మా హాల్లో గోడ నుంచి గోడ దాకా కార్పెట్ ఉంది. వాషింగ్ మెషీన్ పైపు ఊడినా, ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా, కిటికీలోంచి జల్లు కొట్టినా తడిసేది అదే. పైగా అమ్మకి ఆస్తమా. తడి అలాగే ఉండిపోతే 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలయ్యే అవకాశం ఉంది. అందుకే కార్పెట్ మీద నీళ్లు కనిపిస్తే ఇంట్లో అందరికీ టెన్షనే.

ఫ్యాన్ వేసి వదిలేస్తే పైన పొడిగా తగులుతుంది కానీ, అడుగున ఉన్న ప్యాడ్ నీళ్లు పీల్చుకుని అలాగే ఉంటుంది. ఆ తర్వాత వాసన మొదలవుతుంది. వాక్యూమ్ నీళ్లు ఆవిరయ్యే దాకా ఆగకుండా నేరుగా లాగేస్తుంది. ఎంత ఎక్కువ లాగితే ఆరబెట్టే పని అంత తగ్గుతుంది. నాజిల్‌ని గట్టిగా నొక్కి, చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. ఇంట్లో ఇంకొకరు ఆ పక్కనే కాళ్లతో తొక్కుతూ ఉంటే ప్యాడ్‌లోని నీళ్లు పైకి వస్తాయి. ఇక రావడం లేదు అనుకున్న చోట కాసేపాగి మళ్లీ లాగి చూడండి, ఇంకా వస్తాయి.

నీళ్లు లాగే ముందు కాగితం ఫిల్టర్, డస్ట్ బ్యాగ్ తీసేసి స్పాంజ్ ఫిల్టర్ వేయాలి. డబ్బా నిండగానే లోపలి ఫ్లోట్ పైకి లేచి గాలి దారి మూసేస్తుంది, మోటార్ శబ్దం కీచుమంటూ మారిపోతుంది. నేనైతే సగానికే ఖాళీ చేస్తాను, ఎందుకంటే 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోల బరువు. చప్పుడు మాత్రం విపరీతం, పిల్లలు పడుకున్నప్పుడు వాడలేం. పని అయ్యాక డబ్బా, గొట్టం ఎండబెట్టకపోతే కంపు కొడతాయి. మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో మాత్రం ఈ పని చేయకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ప్లగ్ పాయింట్ల దాకా నీళ్లు వస్తే ముందు మెయిన్ ఆపేయండి.

డీహ్యూమిడిఫైయర్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పెట్టె మీద రాసిన లీటర్లు మన గదిలో రావు. చాలా కంపెనీలు 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దగ్గర కొలిచిన అంకె వేస్తాయి. చల్లటి గదిలో కంప్రెసర్ రకానిది చాలా తక్కువ లాగుతుంది, లోపల మంచు కూడా పడుతుంది. అయినా వాక్యూమ్ తర్వాత మిగిలే చెమ్మని తీయడానికి అది కావాల్సిందే. తలుపులు, కిటికీలు మూసి, కార్పెట్ ఒక మూల లేపి కిందకి గాలి వెళ్లేలా ఫ్యాన్ పెట్టి నడిపితే పని చేస్తుంది. చిన్న తేమ మీటర్ ఒకటి పక్కన పెట్టుకున్నాం. తేమ 50 శాతం కిందకి దిగినా ఆపను. ప్యాడ్‌ని కూడా చేత్తో పట్టుకుని చూశాకే ఆపుతాను.

చెక్క సామాను వెంటనే జరపండి. జరపలేని వాటి కాళ్ల కింద అల్యూమినియం ఫాయిల్ పెట్టండి, లేదంటే పాలిష్ రంగు కార్పెట్‌కి దిగుతుంది, ఆ మరక పోవడం కష్టం.

ఈ రెండు మెషీన్లూ కాపాడేది మంచినీళ్లతో తడిసి, వెంటనే పట్టించుకున్న కార్పెట్‌నే. మురుగునీళ్లో, బయటి వరద నీళ్లో వస్తే ప్యాడ్‌తో సహా తీసి పారేయాల్సిందే. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, శ్వాస ఇబ్బంది ఉన్న మనిషి ఉన్న ఇంట్లో దీని మీద బేరాలు వద్దు. చాలాసేపు నానితే కార్పెట్ వెనక పొరల్ని అతికించిన జిగురు కూడా వదిలేసి, పైభాగం ఉబ్బుతుంది. అది ఆరినా అతుక్కోదు. ప్యాడ్ చవకే కాబట్టి, అది బాగా నానినప్పుడు ఆరబెట్టే శ్రమ పడకుండా మార్చేయడం నయం.

కొత్తగా కొనేవాళ్లు వాక్యూమ్ డబ్బాకి అడుగున నీళ్లు వదిలే మూత, డీహ్యూమిడిఫైయర్‌కి పైపు తగిలించే చోటు ఉన్నాయో లేదో చూసుకోండి. మా డీహ్యూమిడిఫైయర్‌కి పైపు సౌకర్యం లేదు. ట్యాంకు నిండితే దానంతటదే ఆగిపోతుంది కాబట్టి, రాత్రి లేచి పారబోసి మళ్లీ ఆన్ చేయాల్సి వస్తోంది.