అంచు కోయకుండా పుస్తకం బైండింగ్: తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో

ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు పాత పుస్తకాల్లో కొన్నాను, జార్జ్ ఇలియట్ రాసిన ఇంగ్లిష్ నవల ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’. మార్జిన్ల నిండా నా పెన్సిల్ రాతలే. ఇరవై ఏళ్లు దాన్ని పట్టుకునే పాఠం చెప్పాను. ఈమధ్య కుట్టు తెగి, చివర్లో వరదొచ్చే పేజీలు విడిగా చేతికొచ్చేశాయి.

ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక పుస్తకం ఇస్తే మూడు వైపులా మెషీన్ కటింగ్ చేసి నా నోట్సు సగం కోసేశారు. ఆ భయంతోనే, ఈ సందులోని బైండర్‌తో “అన్నా, అంచు మాత్రం కొయ్యొద్దు” అన్నాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి చూసి, “కొయ్యనులే మేడం, చేతికుట్టు వేస్తా. లేటయితాది” అన్నారు.

లోపలి బొమ్మ చూసి, “జార్జ్ అని ఉంది, ఆడమనిషి బొమ్మ ఉందే?” అని అడిగారు. అసలు పేరు మేరీ యాన్ ఎవాన్స్ అనీ, 1819లో వార్విక్‌షైర్‌లో పుట్టిందనీ చెప్పాను.

“మొగోడి పేరయితేనే కొంటారనా?”

అదొక్కటే కాదు. ఆడవాళ్ల నవలలంటే కాలక్షేపమని తేలిగ్గా చూసే రోజులవి. పైగా 1854 నుంచి ఆమె జార్జ్ హెన్రీ లూయిస్‌తో పెళ్లి లేకుండా కాపురం చేస్తోంది. ఆయనకు భార్య ఉంది, విడాకులకు దారి లేదు. 1857లో ఈ సంగతి అన్న ఐజాక్‌కు రాస్తే, ఆయన లాయరు చేత జవాబు రాయించాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. మూడేళ్లకు, 1860లో, మ్యాగీ, టామ్ అనే చెల్లెలు అన్నల కథగా ఈ నవల వచ్చింది. కుందేళ్లకు మేత వేయడం మరిచిపోయిన మ్యాగీ మీద టామ్ కోప్పడే చోటు చెప్తుంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు అమ్మాయిలు తల దించుకునేవాళ్లు. నాకూ గొంతు పట్టేసేది.

లూయిస్ పోయాక, 1880లో ఆమె జాన్ క్రాస్‌ను చర్చిలో పెళ్లి చేసుకుంది. అప్పుడు రాశాడు అన్న, 23 ఏళ్ల తర్వాత. ఆ డిసెంబరులోనే ఆమె చనిపోయింది.

బైండరు సూది పక్కన పెట్టి అంతా విన్నారు. తర్వాత, “ఈ వరద పేజీలకు పల్చటి కాగితం అతికిస్తా, చినిగిపోకుండా” అన్నారు.

పని చాలా బాగుంది. ఫారాలన్నీ (మడత పెట్టిన కాగితాల కట్టలు) విడదీసి మళ్లీ కుట్టారు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు కాబట్టి పురుగు పట్టదు. అట్టకు ముదురు ఆకుపచ్చ కాలికో బట్ట వేశారు. పుస్తకం బల్లమీద పరిస్తే చక్కగా విచ్చుకుంటోంది, నా పెన్సిల్ రాత ఒక్క అక్షరం కూడా పోలేదు. బంగారు రంగు అచ్చులో ఇలియట్ పేరుకు ఒక ‘ఎల్’ ఎక్కువ పడింది, చూపిస్తే మర్నాడే మార్చిచ్చారు. నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది, తొందరున్నవాళ్లకు ఇది కుదరదు. 260 రూపాయలు తీసుకున్నారు.

పొద్దున పదకొండు లోపు వెళ్లండి. ఆ తర్వాత కాలేజీ ప్రాజెక్టు రికార్డుల రద్దీలో ఆయనకు తలెత్తే తీరిక ఉండదు. వచ్చే వారం నా ‘మిడిల్‌మార్చ్’ ఇస్తున్నాను. 1871-72లో ఎనిమిది భాగాలుగా వచ్చిన నవల అది. లావు చూసి రెండు వాల్యూములు చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు.