గ్రిడ్‌లో ఒక ముక్కే మార్చాలంటే: నమ్‌పై, పాండాస్‌తో ఆరేళ్లు

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజ్‌కి మిర్చి నిల్వల ప్రోగ్రాం రాసి, ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. చాంబర్ అంటే నాకు ఒక గ్రిడ్. అడ్డంగా వరసలు, నిలువుగా ర్యాక్‌లు, ఒక్కో గడిలో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయో ఒక అంకె. రైతు సరుకు తీసుకెళ్తే ఆ లాటు ఉన్న గడులన్నీ ఖాళీ కావాలి, కొత్త లాటు వస్తే నిండాలి, పక్క గడి మాత్రం కదలకూడదు.

మొదట్లో గూగుల్ షీట్స్‌లో స్క్రిప్ట్ రాశాను. గడి గడికీ లూప్ తిప్పితే ఎంతకీ తెమిలేది కాదు. రేంజ్ మొత్తానికి విలువలు ఒకేసారి రాస్తే పని నడిచింది. చాంబర్లు పెరిగాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మారాను.

అందులో అంకెల గ్రిడ్‌లతో పని చేసే లైబ్రరీ నమ్‌పై అంటే నాకు నిజంగా ఇష్టం. గ్రిడ్[2:5, 10:20] = 0 అని ఒక్క వాక్యం రాస్తే మూడు వరసల్లో పదేసి గడులు, మొత్తం ముప్పై, ఖాళీ అయిపోతాయి. లెక్క సున్నా నుంచి మొదలు, చివరి అంకె లెక్కలోకి రాదు. ర్యాక్‌ల మీద సుద్దతో రాసిన నంబర్లేమో ఒకటి నుంచి ఉంటాయి. అందుకే ఆ తేడా సరిచేసే చిన్న ఫంక్షన్ మొదటి వారమే రాసుకున్నాను. షరతు పెట్టి మార్చడం ఇంకా హాయి. గ్రిడ్[గ్రిడ్ < 0] = 0 అంటే తప్పుగా మైనస్‌లోకి పోయిన గడులు మాత్రమే మారతాయి, మిగతావి అలాగే ఉంటాయి.

ఇంత మంచి పరికరమే రెండో ఏడాది నాకు నిద్ర లేకుండా చేసింది. టిక్కీల గ్రిడ్‌ని కాపీ చేసి బరువుల గ్రిడ్ తయారు చేశాను. టిక్కీలు పూర్ణాంకాలు కాబట్టి కాపీ కూడా పూర్ణాంకాల రకమే అయింది. ఒక తేజ రకం మిర్చి లాటు, 200 టిక్కీలు, సగటు 41.6 కిలోలు. ఆ రేంజ్‌లో 41.6 వేశాను. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. గడుల్లో 41 పడింది. సాయంత్రం గుమస్తా గారు పుస్తకం తెచ్చి, "బాబూ, ఇక్కడ 8,320 ఉంది, నీ కంప్యూటర్‌లో 8,200 చూపిస్తోంది. నూట ఇరవై కిలోలు ఎటు పోయాయి?" అన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. క్వింటా పైన సరుకు, అదీ రైతు సొమ్ము. అప్పటి నుంచి గ్రిడ్ తయారుచేసే చోటే దశాంశాల రకం అని రాస్తున్నాను. ప్రతి మార్పుకీ ముందూ వెనకా మొత్తం కూడి, ఆ రెండు అంకెలూ గుమస్తా గారికి కనిపించేలా పెట్టాను.

రెండో చిక్కు, చేతిలో ఉన్నది అసలుదా నకలా అన్నది. 0:3 లాంటి ముక్క కోసి వేరే పేరు పెట్టుకున్నా అది అసలు గ్రిడ్‌కి కిటికీయే, అందులో మార్చింది అసలులోనూ మారుతుంది. వరసల జాబితా ఇచ్చి, గ్రిడ్[[1, 4, 5]] అని తీసుకుంటే మాత్రం వచ్చేది నకలు. దాన్ని ఎంత దిద్దినా అసలు కదలదు. అదే గ్రిడ్[[1, 4, 5], 0:10] = 0 అని ఒకే వాక్యంలో రాస్తే అసలులోనే పడుతుంది. రెండు వైపులా జాబితాలే ఇస్తే ఇంకో సంగతి: మూడు వరసలు, మూడు ర్యాక్‌లు ఇస్తే తొమ్మిది గడులు మారవు, జతజతగా మూడే మారతాయి. నాకు కావలసింది దాదాపు ఎప్పుడూ ఆ తొమ్మిదే. దానికి ఐఎక్స్_ (ix_) అనే ఫంక్షన్ ఉంది.

రోజువారీ ధరల పట్టికకి, పేర్లున్న పట్టికలతో పని చేసే పాండాస్ లైబ్రరీ వాడతాను. వరసకి ఒక తేదీ, నిలువు వరసకి ఒక రకం: తేజ, 334, బాడిగ, తాలు. పేర్లతో గడులు ఏరే లాక్ (loc)తో తేదీల మధ్య రేంజ్ ఇస్తే చివరి తేదీ కూడా కలుస్తుంది, ఐలాక్ (iloc)తో స్థానాలు ఇస్తే చివరిది కలవదు. ఒకే లైబ్రరీలో ఈ రెండు పద్ధతులూ ఎందుకా అని మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు తేదీలకి లాక్ పద్ధతే సరైనదని నా అభిప్రాయం. "సోమవారం నుంచి శుక్రవారం దాకా" అంటే మనం శుక్రవారాన్ని వదిలేయం కదా. జాగ్రత్త పడాల్సింది వేరే పట్టిక నుంచి ధరలు తెచ్చి వేసేటప్పుడు. పాండాస్ వరస క్రమం చూడదు, తేదీ పేరుతో జతపరుస్తుంది. పేర్లు కలవని చోట విలువ రాదు, ఖాళీ పడుతుంది. పేర్లతో పని లేనప్పుడు ఉత్త విలువలుగా మార్చి వేస్తాను.

ముందు ఒక షరతుతో వరసలు ఏరి, వాటిలో మళ్లీ నిలువు వరస ఏరి, అక్కడ విలువ వేసే గొలుసు రాత నా పాత ప్రోగ్రాంలో చాలా చోట్ల ఉంది. పాత పాండాస్ హెచ్చరిక చూపేది, నేను పట్టించుకోలేదు. నిలువు వరసను ముందు ఏరిన చోట్ల విలువ పడేది కూడా. పాండాస్ 3.0లో గొలుసు ఏ క్రమంలో రాసినా అసలు పట్టిక మారదు. వరసా నిలువు వరసా ఒకే లాక్‌లో ఇచ్చి మార్చాల్సిందే. కొంత పని పెట్టినా ఇది మంచి మార్పే, పడుతుందో పడదో అన్న అనుమానం పోయింది. అలాంటి గొలుసులు పదకొండు చోట్ల దొరికాయి. ఏడు సరిచేశాను, మిగతా నాలుగు ఈ ఆదివారం కూర్చుని చూడాలి.